జ్వరం దాచొద్దు, మేం కోప్పడం

తిరుపతి
22 జనవరి 2022

డే కేర్, నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యాక సోమవారం బడి తెరిచాం. కరోనా మూడో వేవ్ ఊరంతా తిరుగుతోంది. ఎవరింట్లో చూసినా ఒకరు దగ్గుతున్నారు, ఒకరు కషాయం తాగుతున్నారు. పెద్ద క్లాసుల సంగతి విడిగా రాస్తాను. ఇది చిన్నపిల్లల గురించి, అందులోనూ ఎక్కువగా బుధవారం జరిగిన ఒక్క విషయం గురించి.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాయి. ఆయమ్మ చాపలు పరుస్తుంటే మూడేళ్ల పాప ఒకతె వచ్చి ఆమె ఒళ్లో కూలబడింది. ఒళ్లు కాలిపోతోంది. చంకలో థర్మామీటర్ పెడితే 101.6. అదే పాపకు పొద్దున గేటు దగ్గర థర్మల్ గన్‌తో చూస్తే 97 చిల్లర. ఎప్పట్నుంచి నాన్నా అని ఆయమ్మ అడిగితే, పాప దాపరికం లేకుండా చెప్పేసింది: "అమ్మ తీపి మందు పోసింది. మేడంకి చెప్పొద్దనింది."

వాళ్లమ్మ చీరల కొట్టులో సేల్స్‌లో పనిచేస్తుంది. ఫోన్ చేస్తే అరగంటలో ఆటోలో వచ్చేసింది. నేను నాలుగు మాటలు అందామనే ఆఫీసు రూములో కూర్చోబెట్టాను. ఆమె ముందే అందుకుంది: "ఏం చేసేది మేడం, రాత్రి నుంచే వెచ్చగా ఉండింది. నేను పోకుంటే ఆ రోజు జీతం కట్. మీకు చెబితే ఏడు రోజులు రానీయరు, ఫీజు మాత్రం తగ్గదు. అందుకే మందు పోసి తెచ్చినా."

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ రూలు నేను పెట్టిందే. ఆగస్టులో బడి తెరిచినప్పుడు, జ్వరం వస్తే ఏడు రోజులు రావద్దని డైరీలో అచ్చు వేయించాను. అది మామూలు పడిశమా, కరోనానా అన్న తేడా లేదు. చెప్పినవాళ్లకు శిక్ష, దాచినవాళ్లకు ఏమీ లేదు! అలాంటి రూలు పెడితే ఎవరైనా దాస్తారు. ఆమె ఒక్కతే అలా చేసిందని కూడా నేననుకోవడం లేదు.

అందుకే సోమవారం నుంచి పద్ధతి మారుస్తున్నాం. రాత్రి గానీ పొద్దున గానీ పిల్లకు వెచ్చగా ఉంటే, వాంతి అయినా, విరేచనాలైనా, క్లాస్ టీచర్‌కు ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. ఎందుకు, ఏమిటని ఎవరూ నిలదీయరు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే, పిల్ల మామూలుగా తింటూ ఆడుకుంటూ ఉంటే, తీసుకురండి. టెస్టులో పాజిటివ్ వస్తే మాత్రం టెస్టు రోజు నుంచి ఏడు రోజులు ఇంట్లోనే ఉండాలి, ఆఖరి మూడు రోజులూ జ్వరం ఉండకూడదు. ఇంట్లోనే ఉండి కోలుకునేవాళ్లకు 2022 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పిన లెక్క ఇదే. ఇంట్లో పెద్దవాళ్లకు పాజిటివ్ వచ్చినా పిల్లను ఏడు రోజులు ఆపండి. రాని రోజులకు డే కేర్ ఫీజు వచ్చే నెలలో తగ్గిస్తాం. ఇది మీకు చేసే ఉపకారమేం కాదు. ఒక పాప ఫీజు వదులుకోవడం కంటే పదిమంది పిల్లల గది మూసేయడం మాకు ఎక్కువ నష్టం.

పారాసిటమాల్ జ్వరాన్ని నాలుగు నుంచి ఆరు గంటల పాటు దించుతుంది, అంతే. లోపలున్న వైరస్‌ను అది ఏమీ చేయదు. ఎనిమిదింటికి పోస్తే సరిగ్గా పిల్లలంతా పక్కపక్కన పడుకునే వేళకు జ్వరం మళ్లీ లేస్తుంది. ఇంకో మాట: పిల్లల సిరప్‌లలో 125 అని, 250 అని (ఐదు మిల్లీలీటర్లలో అన్ని మిల్లీగ్రాముల మందు) రెండు బలాలు ఉంటాయి. సీసా మారితే మోతాదు మారిపోతుంది. పిల్ల బరువు చెప్పి డాక్టర్‌ను అడిగి పోయండి, పక్కింటివాళ్లు చెప్పారని కాదు.

గేటు దగ్గరి గన్ సంగతీ చెప్పాలి. అది నుదుటి చర్మం వేడిని చూస్తుంది. జనవరి చలిలో బండి ముందు నిలబడి అలిపిరి రోడ్డు గాలి తింటూ వచ్చిన పిల్ల నుదురు చల్లగా కాక ఎలా ఉంటుంది? పైగా ఆ గన్ కోసం గేటు దగ్గర మీరంతా ఒకరి మీదొకరు పడుతున్నారు. దాన్ని తీసేశాం. పిల్లలు లోపలికొచ్చి కుదురుకున్నాక, పదకొండింటికి ఒకసారి టీచరే చూస్తుంది. అనుమానం వస్తే చంకలో థర్మామీటర్ పెడుతుంది.

ఇక గాలి. మొన్న డే కేర్ గదిలో స్వామి పటం ముందు ఆయమ్మ అగరొత్తి వెలిగించింది. పావుగంట తర్వాత నేను వెళ్లేసరికి ఆ పొగ అలాగే తెరలా నిలబడి ఉంది. ఏసీ ఆడుతోంది, తలుపులు వేసి ఉన్నాయి. పొగ ఎక్కడికీ పోవడం లేదంటే, ఒక పిల్ల దగ్గింది కూడా ఆ గదిలోనే తిరుగుతోందన్నమాట. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. ఆ రోజే ఏసీ ఆపించి, ఎదురెదురు కిటికీలు తెరిపించాను. ఒకవైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. తెరిచిన మర్నాడే కోతులొచ్చి రెండు టిఫిన్ బాక్సులు ఎత్తుకుపోయాయి! కొండ కింద బడి కదా, తప్పదు. ఇనుప మెష్ కొట్టించే పని నడుస్తోంది, దోమలకూ అదే అడ్డు.

పిల్లలను పదిమంది చొప్పున విడదీశాం. ఏ గుంపుకు ఆ ఆయమ్మే, వాళ్ల ఆటలు, తిండి, నిద్ర అన్నీ వేరు. అన్నం వరండాలో పెడుతున్నాం. పడుకునేటప్పుడు ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా చాపలు వేస్తున్నాం. కొత్తలో పిల్లలు దీన్నీ ఒక ఆట చేసుకున్నారు.

2020లో మనమంతా దేని మీద పడితే దాని మీద క్రిములను చంపే మందు చల్లాం. నేనూ పిల్లల బ్యాగుల మీద కొట్టించాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మనుషుల మీద కొట్టకూడదని ఆ ఏడాదే ప్రభుత్వం చెప్పింది. ఇప్పుడు చేసేది సాదా పనే. నోట్లో పెట్టుకున్న బొమ్మ నేరుగా ఎర్ర బేసిన్‌లోకి పోతుంది, సాయంత్రం సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెడతారు. బట్ట బొమ్మలు తీసేశాం. పిల్లల చేతులకు శానిటైజర్ వద్దు, సబ్బే, 20 సెకన్లు. మీ ఇళ్లలో కూడా బ్లీచింగ్ పౌడర్‌ను బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కు వద్దు, కేంద్ర ఆరోగ్య శాఖ మాటా ఇదే. మాస్కు పెద్దవాళ్లకు. 2022 జనవరి నాటికి పదిహేనేళ్లలోపు వాళ్లకు మన దగ్గర ఇంకా కరోనా టీకా లేదు కాబట్టి వాళ్ల చుట్టూ ఉన్న మనమే వేయించుకోవాలి. మా ఆయమ్మలు, టీచర్లు అందరికీ రెండు డోసులూ అయ్యాయి. ఈ గొడవలో మామూలు టీకాలు మరిచిపోయినవాళ్లున్నారు. తట్టు, రుబెల్లా టీకా రెండో డోసు ఏడాదిన్నర వయసులో, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) రెండో బూస్టర్ ఐదేళ్లు నిండాక పడాలి. కార్డు ఒకసారి తీసి చూడండి. వార్డు సచివాలయంలో ఏఎన్ఎంను అడిగితే ఎప్పుడు, ఎక్కడ వేస్తారో చెబుతుంది, డబ్బులేం అక్కర్లేదు.

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదు. వైకుంఠ ద్వార దర్శనం పేరు చెప్పి ఈ పదిరోజులూ ఎందరిళ్లు కిటకిటలాడాయో నాకు తెలుసు, మా ఇంట్లోనే తొమ్మిదిమంది. ద్వారాలు ఇవాళ్టితో మూస్తారు. వచ్చిపోయినవాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని తెలిస్తే మాకూ ఒక మాట చెప్పండి.

పిల్ల ఎగశ్వాస పడుతున్నా, పక్కటెముకలు లోపలికి లాగుతున్నా, నీళ్లు కూడా తాగకుండా మత్తుగా పడి ఉన్నా, మాకు ఫోన్ చేస్తూ కూర్చోకండి. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మంగళవారంలోగా ప్రతి ఒక్కరూ రెండో మనిషి నంబర్ రాసివ్వాలి. అమ్మానాన్నలు డ్యూటీలో ఉన్నప్పుడు గంటలోపు వచ్చి పిల్లను తీసుకెళ్లగలిగినవాళ్లు, అమ్మమ్మో, పిన్నో, పక్కింటి అక్కో ఎవరైనా సరే. ఊళ్లో ఎవరూ లేరంటారా, నాతో చెప్పండి. ఆఫీసు పక్కన కిటికీలున్న చిన్న గది ఖాళీ చేయించాను. మీరు వచ్చేదాకా పిల్లతో ఆయమ్మ అక్కడే కూర్చుంటుంది.

బుధవారం నాటి పాపకు జ్వరం తగ్గింది. టెస్టు నెగెటివ్ వచ్చింది. సోమవారం వస్తోంది.

మీ
హెడ్‌మిస్ట్రెస్

తా.క.: ఒక పసుపు మంకీ క్యాపు, ఎడమకాలి బూటు ఒకటి ఆఫీసులో ఉన్నాయి. కోతులు పట్టుకెళ్లిన టిఫిన్ బాక్సుల్లో ఒకదాని మూత మాత్రం దొరికింది.