ఆత్మరక్షణ మాకొక తీరు, పోలీసులకొక తీరా? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీకు ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడూ రిజిస్టర్ పోస్టులో పంపాను, రసీదులు దాచుకున్నాను. జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా బాబాయి కొడుకు రైతు. ఒక రాత్రి బోరు మోటారు దగ్గర రాగి తీగ కోసం వచ్చినవాడు కత్తితో మీద పడితే కర్రతో కొట్టాడు. ఆ దొంగ చనిపోయాడు. తమ్ముడే స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పాడు. తెల్లారేసరికి హత్య కేసు, రిమాండు. ఆ కర్రకు తెల్లగుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, పంచుల (సాక్షుల) చేత సంతకాలు పెట్టించారు. తమ్ముడి ముంజేతికి ఏడు కుట్లు. ‘ఆత్మరక్షణైతే కోర్టులో నిరూపించుకో’ అన్నారు. సరే, చట్టమే అది. మూడు నెలలు జైల్లో ఉన్నాడు, ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు. లాయరు ఫీజుకు పిన్ని పుస్తెలతాడు కుదువ పెట్టింది.

పోలీసులు కాల్చినప్పుడు ఆ మాట ఎవరూ అనరేం సార్? ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉన్న ఆత్మరక్షణ హక్కు అందరికీ ఒకటే కదా! మాకు హత్య కేసు, వాళ్లకు ప్రెస్ మీట్. ఎన్‌కౌంటర్ అయ్యాక కేసు పెట్టేది చచ్చినవాడి మీద, హత్యాయత్నం అని. 2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర వ్యానులో ఐదుగురు విచారణ ఖైదీలు బేడీలతోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. బేడీలున్న చేతులతో తుపాకులు లాక్కోబోయారంటే ఎలా నమ్మమంటారు?

కాల్చినవాళ్ల మీదే ఎఫ్‌ఐఆర్ కట్టాలని, ఆత్మరక్షణ సంగతి విచారణలో తేలాలని 2009 ఫిబ్రవరిలో మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి చెప్పింది. దాని మీద పోలీసుల సంఘం సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. స్వతంత్ర దర్యాప్తు జరగాలని, తుపాకులు పరీక్షకు అప్పగించాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. దిశకు జరిగిన ఘోరం తలుచుకుంటే నాకూ కడుపు రగులుతుంది. కానీ చటాన్‌పల్లిలో ఆ కేసు నిందితులు నలుగురినీ చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరపాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. అడిగితే కోర్టులో ఉందంటారు. కోర్టులో మీ ప్రభుత్వం ఏ పక్షాన నిలబడుతుందో చెప్పండి.

పోలీసులను జైల్లో పెట్టమని కాదు నేనడిగేది. మా తమ్ముడికి పెట్టినట్టే వాళ్లకూ కేసు పెట్టండి, ఆ కర్రకు వేసినట్టే ఆ తుపాకులకూ సీలు వేయండి. వాళ్లనూ కోర్టులో నిరూపించుకోమనండి. దండం పెట్టి అడుగుతున్నాను, ఈ ఉత్తరానికైనా జవాబివ్వండి. వచ్చే నెల తమ్ముడికి మళ్లీ వాయిదా ఉంది.

ఇట్లు,
ఒక ముద్దాయి అన్న