థైరాయిడ్ బిళ్ళ మోతాదు మార్చే అధికారం మందుల షాపుకి ఎవరిచ్చారు?

సంపాదకులకు నమస్కారం.

మే 25న ప్రపంచ థైరాయిడ్ దినోత్సవానికి మా కోనసీమలో జరిగిన అవగాహన సదస్సు గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివిన నాటి నుంచీ మనసు ఊరుకోక ఈ లేఖ రాస్తున్నాను. జబ్బు లక్షణాలు అంత వివరంగా చెప్పిన ఆ సదస్సులో, ఏళ్ల తరబడి బిళ్ళలు మింగుతున్నవారి గురించి ఒక్క మాటైనా అన్నట్టు వార్తలో కనిపించలేదు.

71 ఏళ్ల మా అత్తగారు థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉన్నందుకు 25 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ బిళ్ళ వాడేవారు. నిరుడు మా ఊరి మందుల షాపులో ఆ మోతాదు అయిపోయిందట. "ఇదీ ఆ మందేనమ్మా" అని 100 మైక్రోగ్రాముల సీసా చేతిలో పెట్టి, మూత మీద పెన్నుతో "పొద్దున 1" అని రాసి పంపించారు. రెండు నెలలు తిరక్కుండానే ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు వణికి చీర మీద ఒలకడం మొదలైంది. రాత్రిళ్లు గుండె దడగా ఉందంటూ మంచం మీద లేచి కూర్చునేవారు. వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకున్నాం. అమలాపురం తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే, రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోను; మందు ఎక్కువైతే ఇది తగ్గిపోతుంది) 0.01కి పడిపోయిందని, గుండె లయ తప్పిందని తేలింది. గుండెకు మందులు ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.

పెద్ద వయసువారికి, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచవలసిన మందు ఇది. ఎక్కువైతే ఎముకలు కూడా గుల్లబారతాయి. ఒంట్లో ఈ మందు పరిమాణం సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కనుక, మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూస్తే తప్ప అది సరిపోయిందో లేదో తెలియదు. కుదురుకున్న తరువాత కూడా కనీసం ఏడాదికోసారి చూడాలి. మా వీధిలోనే ఆరేళ్లుగా రక్తపరీక్ష మాటే లేకుండా పాత చీటీతో బిళ్ళలు కొంటున్నవారు ముగ్గురున్నారు.

గర్భిణుల సంగతి మరీ బాధాకరం. వారికి ఈ మందు సాధారణంగా 25 నుంచి 30 శాతం ఎక్కువ అవసరమవుతుంది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ 4 గంటల ఎడం లేకపోతే మందు ఒంటబట్టదు. మా కోడలికి మూడింటినీ ఒకే కవరులో పెట్టి ఇచ్చారే గాని, థైరాయిడ్ బిళ్ళ పరగడుపున వేసుకుని టిఫినుకు అరగంటో గంటో ఆగాలని కూడా ఎవరూ చెప్పలేదు.

షాపుల లైసెన్సులు చూసి వెళ్లే ఔషధ తనిఖీ అధికారులు, డాక్టరు చీటీలో రాసిన మైక్రోగ్రాములకూ అమ్మిన సీసాకూ పొంతన ఉందో లేదో ఎందుకు చూడరు? బీపీకీ షుగరుకీ ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేస్తున్న సిబ్బంది చేతే, ఈ బిళ్ళ వాడుతున్నవారి పేర్లు రాయించి ఏడాదికోసారి మండల కేంద్రంలో టీఎస్‌హెచ్ పరీక్ష జరిపించడం అసాధ్యమా? జిల్లా వైద్యాధికారులు మీ పత్రిక ద్వారానే దీనికి జవాబివ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, రాజోలు మండలం