ఫుజిసావా నుంచి అక్కకి

ఫుజిసావా, జపాన్,
జూన్, ఆదివారం రాత్రి

అక్కకి,

ఇక్కడ వారం రోజులుగా ఒకటే ముసురు. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరడం లేదు. ఈ వానల్ని వీళ్ళు ‘త్సుయు’ అంటారు. రాసేటప్పుడు మాత్రం ‘ఊమె’ అనే పుల్లటి కాయ అక్షరమూ, వాన అక్షరమూ పక్కపక్కన పెడతారు. ఊమె కాయలు పక్వానికొచ్చే రోజుల వాన అన్నమాట. నిన్న పక్కింటావిడ కేజీ కాయలు తెచ్చి, రా కూర్చో అంది. పచ్చగా నిమ్మకాయంత ఉన్నాయి. కడిగి, ఒక్కోదాన్నీ పొడిగుడ్డతో తుడిచి, తొడిమ దగ్గరి నల్లటి బొడిపెని వెదురుపుల్లతో లేపెయ్యాలి. సీసాలో ఒక వరస కాయలు, ఒక వరస కలకండ, పైనుంచి 1.8 లీటర్ల తెల్లసారా. తడి తగలకూడదని ఆవిడ నాలుగుసార్లు చెప్పింది. ఆవకాయ రోజున నువ్వు కొట్టినట్టు చేతి మీద కొట్టలేదు, అదొక్కటే తేడా. ఏడాది ఆగి తాగాలట. నాన్నకి చెప్పకు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. చెప్పలేనిది ఇంకోటుంది, అందుకే ఉత్తరం.

ఆవిడే నాకు చలికాలంలో తొమ్మిది పుస్తకాలు ఇచ్చింది, భాష పట్టుబడుతుందని. ‘ఉమిమాచి డైరీ’ అని, బొమ్మల కథ. అకిమి యోషిదా అనే ఆవిడ గీసింది. 2006లో మొదలుపెట్టి 2018 దాకా గీస్తూనే ఉంది. కథ జరిగేది మా పక్కనే, కామకురాలో. ఇక్కణ్ణుంచి ఎనోదెన్ అనే బుల్లి రైలుంది, మొత్తం లైనే పది కిలోమీటర్లు. దాని మీద గొకురకుజి అనే స్టేషన్ దగ్గర పాత చెక్క ఇల్లు, పెరట్లో ఊమె చెట్టు. అందులో ముగ్గురక్కచెల్లెళ్ళు. తండ్రి వేరే ఆవిడతో వెళ్ళిపోయాడు. తర్వాత తల్లీ పిల్లల్ని అమ్మమ్మకి వదిలేసి వెళ్ళిపోయింది. అమ్మమ్మ కూడా పోయాక ఇంటికి పెద్ద దిక్కు పెద్దక్క సచి. ఆస్పత్రిలో నర్సు.

తండ్రి పోయాడని కబురొస్తే యమగతా వెళ్తారు. అక్కడ ఆ ‘వేరే ఆవిడ’ కూతురు సుజు కనిపిస్తుంది. ఆ పిల్లకి తల్లి ముందే పోయింది, ఇప్పుడు సవతితల్లి దగ్గర ఉంది. వీళ్ళ రైలు కదలబోతుంటే సచి, మాతో వచ్చి ఉంటావా అంటుంది. తలుపులు మూసుకునేలోపు ఆ పిల్ల వస్తానంటుంది. అంతే, ఇక చర్చలేం లేవు.

దీన్ని 2015లో కొరె-ఎడ అనే దర్శకుడు సినిమా తీశాడు, ఆ ఏడు కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్ళింది. అప్పటికి పుస్తకం ఇంకా పూర్తి కాలేదు. సుజు ఫుట్‌బాల్ జట్టు పిల్లల గొడవలు పుస్తకంలో బోలెడు, సినిమాలో చాలావరకు ఎగిరిపోయాయి. బదులుగా చేప పిల్లలు, పూలు, వాన, ఊమె సారా. అందంగానే ఉంది కానీ, నాకు కాస్త మెత్తగా అనిపించింది. పుస్తకంలో వీళ్ళు ఇంకా గట్టిగా పోట్లాడుకుంటారు.

ఒక్కచోట మాత్రం ఊపిరి ఆడలేదు. పెళ్ళయినవాణ్ణి ప్రేమించడం మా అమ్మ తప్పే కదా అంటుంది సుజు, సచి ముందు. పాపం, క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. సచి కూడా అప్పటికి పెళ్ళయిన ఒక డాక్టరుతోనే తిరుగుతోంది. ఆ పిల్లకి తెలీదు. సచి మొహంలో రంగు మారుతుంది. ఎవరి తల్లిని ఎవరు తిట్టాలిక? ఆ డాక్టరు తనతో అమెరికా రమ్మన్నా వెళ్ళదు. ఇక్కడ నాకు కోపమొచ్చింది. ఉండిపోయే ఆడదాన్ని మెచ్చుకోవడం అందరికీ సులువే. నువ్వు హైదరాబాద్ ఉద్యోగం వదులుకున్నప్పుడు మన చుట్టాలందరూ మెచ్చుకున్నారు, గుర్తుందా?

ఇప్పుడు అసలు సంగతి. అమ్మమ్మ సంవత్సరీకంలాంటి రోజున, సచి వాళ్ళని వదిలేసి వెళ్ళిన ఆ తల్లి హొక్కయిదో నుంచి దిగి, ఈ ఇల్లు అమ్మేస్తే పోలా అంటుంది. సచి భగ్గున లేస్తుంది. ఆ తల్లి మీద మండిపడుతూ చూస్తున్నదాన్ని, ఠక్కున ఆగిపోయాను. మొన్న ఫోన్లో తెనాలి ఇంటి గురించి నేనన్నదీ అదేగా. బాబాయి బేరం తెచ్చాడు, అమ్మేద్దాం, ఆ ఇంట్లో ఎవరుంటారు అన్నాను. ఉంటున్నది నువ్వని నోటికి రాలేదు. నువ్వు ‘సరేలే’ అని పెట్టేశావు. అమ్మొద్దని ఇప్పుడు చెప్పడానికి రాయడం లేదు. వర్షమొస్తే వంటింట్లో గిన్నెలు పెట్టేది నువ్వు, పన్ను కట్టేది నువ్వు. అమ్ము, ఉంచు, నీ ఇష్టం. నేను ముందు మాట్లాడి ఉండాల్సింది కాదు.

ఆ తల్లికి చివర్లో సచి ఏమిచ్చిందో తెలుసా? రైలెక్కబోతుంటే ఇంటికి పరిగెత్తి, అమ్మమ్మ చేసిన ఊమె సారాలో మిగిలిన ఆఖరి సీసా తెచ్చిస్తుంది.

చివరి పుస్తకం పేరు ‘ఇత్తె కురు’. మన ‘వెళ్ళొస్తా’ మాటకి మాట అదే. సుజు ఫుట్‌బాల్ కోసం వేరే ఊరు చదువుకి వెళ్తుంది. నేనూ ఆ గుమ్మంలో అదే అని వచ్చాను, ఏడేళ్ళవుతోంది.

సినిమాలో ఆ ఇంట్లో ఓ స్తంభం మీద పిల్లల ఎత్తులు గీసి ఉంటాయి. మన వంటింటి గుమ్మం మీద నాన్న గీసిన గీతలు ఉన్నాయా, రంగు వేయించినప్పుడు పోయాయా? ఉంటే ఫోటో తియ్యి. నావి పదకొండో ఏడు దాకా గుర్తున్నాయి. నీవి ఎక్కడ దాకా ఉన్నాయో చూసి రాయి.

నీ చెల్లి