ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో 5893 అందరికీ ఎలా వస్తోంది? ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షుల వారికి నమస్కారాలు.

డిగ్రీ చదువు మన రాష్ట్రంలో పదేళ్లలోనే పలుమార్లు రూపం మార్చుకుంది. 2015-16లో సెమిస్టర్లు, చాయిస్ బేస్డ్ క్రెడిట్ విధానం వచ్చాయి. 2020-21లో సిలబస్ మారింది. 2023-24లో మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. మేజర్ ఒకటి చాలా, రెండు కావాలా అన్న వాదన కూడా ఆ తర్వాత చాలానే విన్నాం. ఇన్ని మార్పుల మధ్యా బీఎస్సీ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ తీరు మాత్రం చెక్కుచెదరలేదు. బాగుండి మారకపోతే సంతోషించేవాణ్ని. చాలా కాలం డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెప్పి, ఎగ్జామినర్‌గా అనేక కళాశాలల రికార్డులు తిరగేసినవాడిగా, అక్కడ ప్రయోగం పేరుతో జరుగుతున్నది చాలా వరకు ప్రయోగం కాదని తమకు విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

కటకాన్ని గాజు మీద పెట్టినప్పుడు కనిపించే వలయాలను కొలిచి సోడియం దీపపు కాంతి తరంగదైర్ఘ్యాన్ని కనుక్కునే న్యూటన్ వలయాల ప్రయోగాన్నే తీసుకోండి. పుస్తకంలో ఆ తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు). సోడియం దీపం స్విచ్ వేయగానే ముందు ఎర్రగా వెలుగుతుంది. నిండు పసుపు రంగుకు రావడానికి పది నిమిషాలైనా పడుతుంది. ఆ తర్వాత గాజు పలకను 45 డిగ్రీలకు వాల్చి, ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌ను ఫోకస్ చేసి, మధ్యలోని నల్లటి చుక్కను క్రాస్‌వైర్ మీదికి తెచ్చుకుని, అక్కడి నుంచి ఎడమవైపు ఇరవయ్యో వలయం దాటేదాకా వెళ్లి, వెనక్కి వస్తూ ఒక్కో వలయం దగ్గరా రీడింగ్ తీసుకుంటూ కుడివైపు ఇరవయ్యో వలయం దాకా సాగాలి. ఈ మధ్యలో మరను ఒక్కసారి వెనక్కి తిప్పినా దానిలోని వదులు రీడింగుల్లోకి చేరుతుంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. కటకం వక్రతా వ్యాసార్ధం ఒక మీటరైతే ఇరవయ్యో వలయం వ్యాసం ఏడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అలవాటు లేని విద్యార్థికి వలయాలు స్పష్టంగా కనబడేసరికే గంట గడిచిపోతుంది. మన టైంటేబుల్‌లో ప్రాక్టికల్‌కు ఇచ్చినది వారానికి రెండు గంటలు. ఒక్క మైక్రోస్కోప్ చుట్టూ ఆరేడుగురు నిలబడితే కంటితో చూసేది ఒకరు, రాసుకునేది మిగతావారు.

అయినా రికార్డుల్లో ఫలితం మాత్రం దివ్యంగా ఉంటుంది. సోడియం కాంతి తరంగదైర్ఘ్యం ఒకరికి 5892, ఇంకొకరికి 5894, వరసగా అందరికీ 5893కు అటూ ఇటూ ఒక్క అంకె తేడాతో వస్తుంది. వ్యాసాల వర్గాలకు గీసిన గ్రాఫు మీద ఒక్క బిందువు కూడా గీత తప్పదు. ఆ పరికరాలతో, ఆ వ్యవధిలో ఇంత ఖచ్చితత్వం సాధ్యం కాదని ఎగ్జామినర్‌కు తెలుసు, అధ్యాపకుడికి తెలుసు, రాసిన పిల్లలకు అందరికంటే బాగా తెలుసు. పుస్తకంలోని విలువ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కగట్టి రీడింగులు పుట్టించడం సీనియర్ల నుంచి జూనియర్లకు అందుతున్న విద్య. నిజాయతీగా చేసి 6100 తెచ్చుకున్న విద్యార్థికి మార్కులు తగ్గుతున్నంత కాలం ఈ విద్యకు ఢోకా లేదు.

తమాషా ఏమిటంటే 5893 అసలు ఒక గీతే కాదు. అది 5890, 5896 అనే రెండు పసుపు గీతల సగటు. స్పెక్ట్రోమీటర్ మీద మంచి గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే సన్నని గీతల పలక) పెట్టి రెండో ఆర్డర్‌లో, అంటే రెండో వరస వర్ణపటంలో, చూస్తే అవి విడివడి కనిపిస్తాయి. రికార్డులో 5893 రాసి, ఆ రెండు గీతలనూ కంటితో చూడకుండానే ఫిజిక్స్ పట్టా పుచ్చుకుంటున్నవారు మన దగ్గర కొల్లలు. గురుత్వ త్వరణాన్ని కొలిచే కాంపౌండ్ పెండ్యులమ్‌ది కూడా ఇదే కథ. విశాఖపట్నం అక్షాంశంలో గురుత్వ త్వరణం సెకను వర్గానికి సుమారు 978.5 సెంటీమీటర్లు. స్టాప్‌వాచ్‌తో యాభై డోలనాలు లెక్కపెట్టిన విద్యార్థి 'నాకు వచ్చింది 976, ఐదు అటూ ఇటూ' అని రాస్తే అది పూర్తి మార్కులకు తగిన జవాబు. మన రికార్డుల్లో ఉండేది 980, కాదంటే 981. ఆ 'అటూ ఇటూ' ఎంతో చెప్పగలగడమే ప్రయోగశాల నేర్పే మొదటి పాఠం, మన పరీక్షలో దానికి మార్కులే లేవు.

ఈ తప్పును పిల్లల మీదికి నెట్టడం న్యాయం కాదు. ఇంటర్‌లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ ధ్యాసలో వెర్నియర్ పట్టుకోకుండానే వచ్చినవారు ఎక్కువ. ఇటు కళాశాలల్లో ల్యాబ్ అటెండర్ పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. కాలిపోయిన సోడియం దీపం, తుప్పుపట్టిన స్పెక్ట్రోమీటర్ మర బాగుచేసే నాథుడు లేక బీరువాలోకి వెళ్తాయి, కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే రోజున తుడుచుకుని బయటికి వస్తాయి. గెస్ట్ ఫ్యాకల్టీగా పీరియడ్ల లెక్కన జీతం తీసుకునే యువ అధ్యాపకుణ్ని ల్యాబ్‌లో అదనంగా గంటసేపు ఉండమని అడిగే నైతిక హక్కు ఎవరికుంది? వర్చువల్ ల్యాబులున్నాయి కదా అంటారు. కొవిడ్ రోజుల్లో అవి ఆదుకున్న మాట నిజమే, ప్రయోగానికి ముందు ఒకసారి చూపించడానికి ఇప్పటికీ పనికొస్తాయి. కానీ తెర మీది మైక్రోస్కోప్‌లో మరకు వదులుండదు, దీపం ఆరిపోదు, కాబట్టి వాటితో వేగడం కూడా అలవడదు.

ఇది చేతగాని నేల కూడా కాదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే కె. రంగధామరావు గారు వర్ణపటశాస్త్రానికి, స్వామి జ్ఞానానంద గారు కేంద్రక భౌతికశాస్త్రానికి పరిశోధనశాలలను తీర్చిదిద్దారు.

తమరు తలచుకుంటే వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫలితం పుస్తకంలోని విలువకు ఎంత దగ్గరగా ఉందన్నదానికి మార్కులివ్వడం రద్దు చేసి, రీడింగులకు, దోషాల అంచనాకు ఇవ్వమని ఒక్క ఉత్తర్వు చాలు, పైసా ఖర్చు లేదు. అందంగా తిరగరాసిన రికార్డుకు బదులు, ప్రయోగం చేసిన రోజునే పెన్నుతో రాసి, కొట్టివేతలతో సహా అధ్యాపకుడు సంతకం పెట్టిన అబ్జర్వేషన్ బుక్కునే మూల్యాంకనానికి ఆధారం చేయండి. ప్రయోగాల సంఖ్య తగ్గినా ఫరవాలేదు, ఒక్కో సెషన్ ఏకధాటిగా మూడు గంటలుండాలి. పరికరాల మరమ్మతుకు కొత్త సంస్థ అక్కర్లేదు. యూజీసీ పథకం కింద విశ్వవిద్యాలయాల్లో ఏర్పడిన యూఎస్‌ఐసీ (యూనివర్సిటీ సైన్స్ ఇన్‌స్ట్రుమెంటేషన్ సెంటర్) కేంద్రాల మెకానిక్కులు అనుబంధ కళాశాలలకు సెమిస్టర్‌కు ఒకసారి వెళ్లి వచ్చే ఏర్పాటు చేస్తే బీరువాల్లోని సామాను సగం బయటికి వస్తుంది. అటెండర్ పోస్టుల భర్తీకి మాత్రం డబ్బు కావాలి, ఆర్థిక శాఖను ఒప్పించాలి. కష్టమైనా అది తమరే చేయవలసిన పని.

ఈ డిగ్రీ పూర్తిచేసిన పిల్లల్లో చాలామంది బీఈడీ చేసి మన బడుల్లోనే సైన్సు చెప్పబోతున్నారు. వచ్చే విద్యా సంవత్సరం మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్స్ మొదలయ్యే లోపే మూల్యాంకనానికి సంబంధించిన ఆ ఉత్తర్వైనా కళాశాలలకు చేరేలా చూడాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు