సైలెన్సరు సరే, బ్రేకుల మాటేమిటి?

సంపాదకులకు,

అయ్యా,

మార్చిన సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కిస్తున్న ఫొటోలు పత్రికల్లో తరచూ చూస్తున్నాం. అర్ధరాత్రి కాలనీల్లో తుపాకీ పేలినట్టు చప్పుడు చేసుకుంటూ పోయే బండ్ల మీద ఆ చర్య తీసుకోవలసిందే. అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే ఇంజిన్ శక్తి పెంచిన చిన్న కారును కొన్నేళ్లుగా నడుపుతున్నవాడిగా నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. మన తనిఖీలు చెవికి వినబడే మార్పు దగ్గరే ఆగిపోతున్నాయి. ప్రాణం మీదికి తెచ్చే మార్పు చాలాసార్లు ఏ చప్పుడూ చేయదు.

ఉదాహరణకు 2013లో మన దేశంలో విడుదలైన వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐని తీసుకుందాం. నేను నడిపేది అదే. హాట్ హ్యాచ్ అని పిలుచుకునే ఈ చిన్న, చురుకైన కార్ల మీద మోజున్న హైదరాబాదీలకు ఆ పేరు కొత్త కాదు. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, కంపెనీ లెక్కలో 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). స్టీరింగు కింద, మెకానిక్కులు లోపాలు వెతకడానికి వాడే ఓబీడీ పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజిన్‌ను శాసించే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ మార్చడాన్ని వాడుకలో రీమ్యాప్ అంటారు. దానితో, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఒత్తిడి పెరిగి, ఒక్క నట్టు కూడా విప్పకుండానే, అదే ఇంజిన్ 130 పీఎస్ దాటగలదు. బానెట్ ఎత్తి చూసినా తేడా కనబడదు. సైలెన్సరు కంపెనీదే ఉంచుకుంటే రోడ్డు మీద ఎవరి చెవికీ అనుమానం రాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట బండిని నిలబెట్టి, ఇంజిన్ మీద భారం లేకుండా పొగ కొలుస్తారు కాబట్టి అక్కడ బయటపడే అవకాశమూ తక్కువే.

స్టీరింగు పట్టుకున్నవాడికి మాత్రం ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, టర్బో అందుకున్న మరుక్షణం ముందు చక్రాలు పట్టు కోసం పెనుగులాడుతాయి, స్టీరింగు చేతిలో ఓ పక్కకు లాగుతుంది, రోడ్డు తడిగా ఉంటే చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ దీపం మినుకుమంటూనే ఉంటుంది. కారును లాగే పనీ, తిప్పే పనీ రెండూ ముందు చక్రాలవే కావడంతో, మలుపు మధ్యలో తొందరపడి తొక్కినవాడి కారు తిప్పిన వైపు తిరగకుండా బయటి అంచుకు జరిగిపోతుంది. మలుపులోకి దిగకముందే వేగం తగ్గించుకుని, స్టీరింగు తిన్నగా అవుతున్న కొద్దీ యాక్సిలరేటర్‌ను మెల్లగా అందుకోవడం ఈ కార్లు నడపడంలో అసలు విద్య. అది పట్టుబడ్డాక కలిగే ఆనందాన్ని దాచవలసిన పని లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడివైపు రెండు లేన్లలోనూ పరిమితి గంటకు 120 కిలోమీటర్లే, దాన్ని చేరడానికి కంపెనీ ఇచ్చిన శక్తే ఎక్కువ. కాబట్టి రీమ్యాప్ అవసరం కాదు, సరదా. ఆ మాట ఒప్పుకునే మిగతాది రాస్తున్నాను.

శక్తి పెరిగిన ఆ కారులో బ్రేకులు మాత్రం పాతవే ఉంటాయి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, 185 సైజు టైర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపడానికి బ్రేకులు మింగవలసిన శక్తితో పోలిస్తే, 140 నుంచి ఆపడానికి దాదాపు రెట్టింపు మింగాలి, ఎందుకంటే ఆ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదంతా వేడిగానే మారాలి. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యాం వైపు దిగుతుండగా, రీమ్యాప్ చేయించి బ్రేకుల జోలికి పోని ఒక మిత్రుడి కారులో పక్క సీట్లో కూర్చుని ఈ సంగతి కళ్లారా చూశాను. నాలుగైదు మలుపులయ్యేసరికి కాలిన వాసన మొదలైంది. ఆ తర్వాత పెడల్ మెత్తబడి, అంతకుముందు సగంలో పట్టిన బ్రేకు దాదాపు అడుగంటా తొక్కితేగాని పట్టలేదు. బండి పక్కకు ఆపి, చల్లారేదాకా కూర్చున్నాం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు చేరితే, ఎంత తొక్కినా ఆ బుడగలే నలుగుతాయి గాని ఒత్తిడి చక్రం దాకా చేరదు. మంచి ప్యాడ్లు, కొత్త ఆయిల్, పట్టున్న టైర్లు వేయించడానికి అయ్యే ఖర్చు మోయలేని భారమేమీ కాదు. అయినా డబ్బు ముందు ఈసీయూకీ, ఆ తర్వాత సైలెన్సరుకూ పోతుంది. బ్రేకుల వంతు వచ్చేసరికి జేబు ఖాళీ అయి ఉంటుంది.

చట్టం సంగతికి వద్దాం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దాన్నే గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చంది. ఉద్దేశం మంచిదే. కాని పేలుడు చప్పుళ్ల సైలెన్సరు బిగించినవాణ్నీ, భద్రత కోసం పెద్ద డిస్కులూ, వాటిని ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్లూ బిగించినవాణ్నీ ఒకే గాటన కట్టే వీలు అందులో ఉంది. చేయించిన మార్పులు పత్రంలో రాయించుకుందామని రవాణా కార్యాలయానికి వెళ్తే, అలాంటివి రాయడం కుదరదు, కారును ముందున్నట్టే చేయించుకోమన్నారు. వాళ్ల తప్పేమీ లేదు, నిబంధన అంతే. బీమాతోనూ ఇదే తంటా. మార్పు దాచిపెడితే రేపు క్లెయిమ్ తిరస్కరించవచ్చు, చెబుదామంటే చూపించడానికి ఏ ధ్రువపత్రమూ ఉండదు. చెప్పుకోవడానికి దారి లేనప్పుడు అందరూ చాటుగానే చేయించుకుంటారు. చాటుగా చేయించిన పనిని ఎవరూ పరీక్షించరు.

నిజానికి దారి మనకు కొత్తది కాదు. పెట్రోలు కారుకు సీఎన్జీ కిట్ బిగించడం కూడా ఇంజిన్ మార్పే. పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థలు పరీక్షించి ఆమోదించిన కిట్‌ను అనుమతి ఉన్న కేంద్రంలో బిగించుకుని, కారు చూపిస్తే రవాణా శాఖ ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేస్తుంది. దివ్యాంగుల కోసం బండిని మార్చుకోవడానికీ అదే 52వ సెక్షను చోటిచ్చింది. జర్మనీలో ఈ పద్ధతి ఇంకా విస్తరించింది. అక్కడ టీయూవీ వంటి సంస్థల ఇంజినీరు కారును పరీక్షించి, పెరిగిన శక్తికి బ్రేకులు, టైర్లు సరిపోతాయని తేల్చాకే ఆ మార్పు పత్రాలకెక్కుతుంది. సరిపోవంటే ఆ కారు రోడ్డెక్కడానికి వీల్లేదు.

రేసు ట్రాకు మీద మనవాళ్లూ ఆ పనే చేస్తున్నారు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్లో పోటీకి దిగాలంటే ముందు కారును, హెల్మెట్‌ను తనిఖీ చేయించుకోవాలి. గోడలూ కంకర గుంటలూ అంబులెన్సూ సిద్ధంగా ఉన్న చోట ఇంత జాగ్రత్త తీసుకుంటూ, పిల్లలు సైకిళ్ల మీద తిరిగే రోడ్డుకు మాత్రం సైలెన్సరు చప్పుడు ఒక్కటే కొలమానంగా పెట్టుకోవడం నాకు మింగుడు పడదు.

కాబట్టి రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ ఈ విషయాన్ని కేంద్రం దృష్టికి తీసుకువెళ్లాలని కోరుతున్నాను. శక్తి పెంచే మార్పుకు సీఎన్జీ కిట్ తరహాలోనే ఒక ఆమోద విధానం పెట్టి, తగిన బ్రేకులూ టైర్లూ వేయించనిదే అది చెల్లదని నిబంధన చేర్చాలి. ఉద్గారాల హద్దు దాటినవాటినీ, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు పీకేసినవాటినీ దగ్గరికి కూడా రానివ్వకూడదు. వాహనాల ఫిట్‌నెస్ కోసం పెడుతున్న ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో బ్రేకుల పట్టును కొలిచే రోలర్ యంత్రాలు ఎలాగూ ఉంటున్నాయి. ఎంత రుసుము పెట్టినా కట్టి, నా కారును వాటి మీద ఎక్కించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మియాపూర్, హైదరాబాదు