పాత రైఫిళ్లలో కొత్త తూటాలు

సంపాదకుల వారికి,

నమస్కారం. పాత సైనిక రైఫిళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా “యుద్ధాలనే తట్టుకుంది, ఈనాటి తూటా దాన్నేం చేస్తుంది?” అనడం తరచుగా వింటున్నాను. ఆ ధీమా ఎవరి కన్నో, ప్రాణమో తీస్తుందన్న భయంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడిని ఆపేది బోల్టుకున్న (తూటా వెనక మూసే కడ్డీ) లగ్గులు, అంటే పొడుచుకొచ్చిన పళ్లు, అవి ఆనుకునే రిసీవర్‌లోని (బోల్టు కదిలే ఉక్కు చట్రం) గాడులు. వాటి బలం ఉక్కు రకాన్నీ, దాన్ని కాల్చి చల్లార్చిన తీరునూ బట్టి ఉంటుంది కాబట్టి పైమెరుగు చూసి తేల్చలేం. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో 1903 నమూనా రైఫిల్ రిసీవర్లు కాల్చేటప్పుడు, తొలి రోజుల్లో కార్మికులు ఉక్కు రంగును కంటితో చూసే వేడిని అంచనా కట్టేవారు. ఎండ బాగా ఉన్న రోజున ఎర్రదనం తక్కువగా కనిపించి, ఉక్కు అతిగా కాలి పెళుసెక్కేది. 1917లో కొన్ని రిసీవర్లు పగిలాక, 1918లో ఆ పద్ధతి మార్చారు. అక్కడ తయారైన వాటిలో వరుస సంఖ్య 8,00,000 లోపు ఉన్న రైఫిళ్లతో తూటాలు పేల్చవద్దనే తెలిసినవారు నేటికీ అంటారు. అతిగా కాలిన ఉక్కును మళ్లీ కాల్చినా బాగుపడదు. మామూలుకంటే ఎక్కువ ఒత్తిడి తూటాతో చేసే ప్రూఫ్ పరీక్షలో నెగ్గినవి కూడా ఆ తర్వాత పగిలాయంటే, “నిన్న పది తూటాలు పేల్చాను, ఏమీ కాలేదు” అన్న మాటకు విలువెంత?

జర్మనీకి చెందిన మౌజర్ రైఫిళ్లలో 1898కి ముందరి నమూనాల చిక్కు వేరు. వాటి ఉక్కు పైపొర గట్టి, లోపల మెత్తన కావడంతో, ఒత్తిడి మితిమీరితే అవి ఒక్కసారిగా పగలకుండా లగ్గులు ఆనే చోటు కొంచెం కొంచెంగా నొక్కుకుపోయి హెడ్‌స్పేస్, అంటే బోల్టు ముఖానికీ ఛాంబర్‌లో (తూటా కూర్చునే గది) తూటా ఆగే చోటుకూ మధ్య దూరం, పెరుగుతుంది. ఇలాంటి రైఫిళ్లు కొన్నింటిని తర్వాత 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చారు. అమెరికా ప్రమాణాల ప్రకారం పాత 7x57 మౌజర్ తూటాకు గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 51,000 పౌండ్లు కాగా, ఆ 7.62కు దాదాపు సమానమైన .308 వించెస్టర్ తూటాకు అది 62,000. తూటా ఛాంబర్‌లో చక్కగా కూర్చున్నంత మాత్రాన యాక్షన్ (బోల్టు, రిసీవర్ కలిసిన భాగం) దాన్ని మోయగలదని కాదు. 1898 నమూనాలో మూడో లగ్గు, వాయువు పక్కకు పోయే రంధ్రాలు ఉన్నాయి. అది నిజంగా మేలైనదే, అయినా అరిగిన రిసీవర్‌కు అవి మందు కావు.

పేల్చిన తూటా ఇత్తడి కేసును (తొడుగును) చేతిలోకి తీసుకుని చూడండి. అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపించినా, కొన వంచిన సన్నని తీగతో లోపల తడిమితే గాడి తగిలినా, కేసు తెగబోతోందని అర్థం. కాల్చాక బోల్టు పిడి బిగుసుకుపోయి పైకి లేవకపోవడమూ హెచ్చరికే. వెంటనే ఆపి, హెడ్‌స్పేస్ కొలిచే గేజ్ ఉన్న నిపుణుడికి చూపించాలి.

కొత్త తూటాలన్నీ ప్రమాదకరమని నేననడం లేదు. యాక్షన్ దిట్టంగా ఉండి, దాని అసలు ఒత్తిడికి తగ్గట్టు తయారైన తూటా వాడితే భయం లేదు. పాత ఆయుధాలపై వ్యాసాలు వేసేటప్పుడు తూటా పేరుతో పాటు దాని ఒత్తిడి పరిమితిని కూడా ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు