లైసెన్సు ఖర్చు సున్నా, బాధ్యత సున్నా కాదు: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

కర్ణాటక ఐటీ, బీటీ శాఖ మంత్రి గారికి,

బెంగళూరులో సర్వర్ల నిర్వహణ చూసే తెలుగువాళ్లం నమస్కరించి రాస్తున్న లేఖ ఇది.

ఓపెన్ సోర్స్‌ను, అంటే సోర్సు (ప్రోగ్రాము మూల రాత) అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌ను, ప్రోత్సహించే విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. మాకు ఎంతో సంతోషం. కానీ లైసెన్సు ఖర్చు సున్నా అని నిర్వహణకూ సున్నా వేస్తేనే ముప్పు. వాడుకోవడం, చదవడం, మార్చడం, పంచడం అనే నాలుగు స్వేచ్ఛలూ మీ కార్యాలయానికి దక్కుతాయి. హామీ మాత్రం లేదని లైసెన్సులోనే రాసి ఉంటుంది. బాగోగులు వాడేవాళ్లే చూసుకోవాలి.

2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, అంటే వెబ్‌సైట్ల సంభాషణను రహస్య లిపిలోకి మార్చే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, సర్వర్ మెమరీలోని రహస్యాలు బయటికి పొక్కే హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. కొత్త ప్యాకేజీ వేసినంత మాత్రాన అది పోలేదు. నడుస్తున్న సర్వీసు మెమరీలో పాత లైబ్రరీయే ఉంటుంది. సర్వీసును రీస్టార్ట్ చేయాలి. ప్రైవేట్ కీ (సర్వర్ రహస్య తాళంచెవి) అప్పటికే బయటికి పోయి ఉండొచ్చు కనుక కొత్త కీ, సర్వర్ గుర్తింపును రుజువు చేసే కొత్త సర్టిఫికెట్ పెట్టి, పాతది రద్దు చేయించి, పాస్‌వర్డులు చివర్లో మార్చాలి. పాస్‌వర్డులు ముందే మారిస్తే కొత్తవీ దొంగల చేతికి చిక్కవచ్చు. అప్‌డేట్లు వేసే పని ఎవరిదో టెండరులో రాయకపోతే ఇదంతా ఎవరు చేస్తారు?

కాంట్రాక్టరు జీపీఎల్ (ప్రోగ్రామును మార్చి ఇచ్చేవారు సోర్సు కూడా ఇవ్వాలనే లైసెన్సు) కింద ఉన్న ప్రోగ్రామును మార్చి ఇస్తే సోర్సు, దాన్ని కంపైల్ చేసే (నడిచే ప్రోగ్రాముగా మార్చే) స్క్రిప్టులు మీరు అడిగి తీసుకోవాలి. ఖాళీ యంత్రం మీద మీ మనుషులే కంపైల్ చేసి చూశాకే బిల్లు చెల్లించండి. ఆ మార్పులను అసలు ప్రాజెక్టుకూ పంపించండి. లేకపోతే కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ వాటిని మళ్లీ అతికించాలి. ఆ శ్రమకు జడిసి ఆఫీసు పాత వెర్షన్ దగ్గరే ఆగిపోతుంది. మేం ఎక్కువగా చూసే చెడు ఇదే.

లోపం కనిపిస్తే "పనిచేయట్లేదు" అని రాస్తే చాలదు. వెర్షన్ సంఖ్య, ఏ వరుసలో ఏం చేస్తే వచ్చిందో, ఎర్రర్ సందేశం పొల్లుపోకుండా ఉండాలి. లాగ్‌లోంచి (సర్వర్ రాసుకునే చిట్టాలోంచి) పౌరుల పేర్లు, ఆధార్ నంబర్లు తీసేయాలి. భద్రతా లోపమైతే బహిరంగంగా పెట్టకుండా ప్రాజెక్టు భద్రతా బృందానికో, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కో చెప్పాలి.

2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తరచి చూడబట్టి దొరికింది. లోకమంతా వాడే ఆ ప్రాజెక్టును ఏళ్ల తరబడి మోసింది దాదాపు ఒక్కరే. అలాంటివారికి అండగా నిలవడం వాడుకునే ప్రభుత్వం ధర్మమని మా నమ్మకం.

కాబట్టి వచ్చే టెండర్లలో మూడు షరతులు చేర్చండి: అప్‌డేట్లకు బాధ్యుడైన అధికారి హోదా, మార్పులను అసలు ప్రాజెక్టుకు పంపే గడువు, ఆ ప్రాజెక్టులకు ఏటా ఇచ్చే మొత్తం.